సరంగు చీటీ

జూన్ 21

ఈ పుస్తకం ఆఫీసు వాళ్లిచ్చింది. ఏ బెండు పనిచేస్తోంది, ఏది చచ్చింది, దేని మీద అంటుకున్న గుల్ల ఎంత గీకాను, అంతవరకే రాయాలి. ఇరవై ఏళ్లుగా అంతే రాస్తున్నాను. ఇవాళ ఇంకో మాట కూడా రాస్తాను. ఎవరైనా చదివి ఏమన్నా అనుకోనీ.

సరంగు చీటీకి, అంటే లాంచీని చేత్తో నడిపే అనుమతికి, అర్జీ పెట్టాను.

ముందు పని సంగతి. గోదారి సముద్రంలో కలిసే మొగలో, గొలుసులతో కట్టి నీళ్ల మీద తేలేసిన బెండ్లు మొత్తం పన్నెండు. కింద ఇసక ఎక్కడ పేరుకుందో, నీళ్లెంత లోతున్నాయో విని లాంచీల్లో ఉండే పెట్టెకు చెప్పడం వాటి పని. పెట్టె ఆ మాట విని చుక్కాని తిప్పుతుంది. మనిషి చెయ్యి పడదు. ఇవాళ తొమ్మిది పలికాయి. రెండోది, ఏడోది, పదకొండోది పలకలేదు. ఏడోదాని మీద గుల్ల బెత్తెడు మందాన కట్టింది. గీకినా లాభం లేకపోయింది.

అర్జీ కాగితాన్ని రేవు ఆఫీసరు ఫల్గుణరావుగారు రెండుసార్లు చదివారు. పెట్టెలొచ్చాక సరంగు చీటీ ఎవరూ అడగలేదనీ, ఆ మాటే మరిచిపోయారనీ అన్నారు. నిబంధనల పుస్తకం తీసి వెతికారు. నియమం ఉంది, ఎవరూ కొట్టెయ్యలేదు. పెట్టె ఆపేసి, చేత్తో చక్రం పట్టి, నీళ్ల మధ్య ఉన్న మన కొత్తమేట నుంచి మొగ దాటి ఎగువన గట్టుకి వెళ్లాలి. మళ్లీ మొగ దాటి తిరిగి రావాలి. పక్కన చీటీ ఉన్న సరంగు సాక్షిగా నిలబడాలి. కొత్తమేటలో అలాంటి మనిషి ఒక్కడే బతికున్నాడు. పెమ్మాడి అప్పన్న బాబాయ్. డెబ్బై ఎనిమిదేళ్లు. రెండు కళ్లూ పోయాయి.

నియమంలో సాక్షికి చూపుండాలని లేదు. నేనది ముందే చూసుకున్నాను.

ఫల్గుణరావుగారు ఆగస్టు 9 తేదీ వేసి, ఒక్కసారే అన్నారు. పరీక్ష తప్పితే నియమాన్నే కొట్టెయ్యమని పైకి రాస్తారట.

ఇంటికొచ్చి సింహాద్రి మావతో చెప్పాను. మా ఆయన రేవులో మోకులు కట్టే పని చేస్తాడు. సగం అన్నం తిని చెయ్యి కడిగేసుకున్నాడు. చేత్తో లాంచీలు నడిపే ఆఖరి రోజుల్లోనే వాళ్ల నాన్న మొగలో పోయాడు. పెట్టెలొచ్చాక మొగలో ఒక్క మనిషి పోలేదు. మావ ఆ మాట పైకి అనలేదు. అనక్కర్లేదు.

జూలై 2

ఎనిమిది బెండ్లు పలికాయి.

అప్పన్న బాబాయ్ దగ్గరికి పోవడం ఇది మూడోసారి. మొదటి రెండుసార్లూ కుదరదన్నాడు. కళ్లు లేనివాడు సాక్షేంటి, జనం నవ్వుతారన్నాడు. ఇవాళ మాత్రం, నలభై నాలుగేళ్లొచ్చాక నీకీ పిచ్చేంటని అడిగాడు.

ఉన్నది చెప్పాను. నాకు పదకొండేళ్లప్పుడు, నీళ్లు మా ఊరిని మింగేసిన ఏడాది, లాంచీలో గట్టుకి పోతుంటే సరంగు ఒకాయన నన్ను చక్రం పట్టుకోనిచ్చాడు. నిమిషం కూడా లేదు. పడవ మొత్తం నా అరచేతుల్లోకి వచ్చినట్టు అనిపించింది. పెద్దయ్యాక సరంగునవుతానని అందరికీ చెప్పుకు తిరిగాను. నాకు ఇరవై నాలుగొచ్చేసరికి పెట్టెలొచ్చాయి. అప్పట్నించీ వాటికి నీళ్ల లోతు చెప్పే బెండ్లు గీకుతున్నాను.

బాబాయ్ రేపు పొద్దున్నే చెప్పులు లేకుండా రమ్మన్నాడు.

జూలై 9

ఎనిమిది. ఆరోది పలుకుతోంది కానీ తప్పు చెబుతోందని నా అనుమానం. రాశాను. ఆఫీసు నుంచి జవాబు లేదు.

బాబాయ్ నన్ను తెప్ప మీద నిలబెట్టి కళ్లు మూసుకోమంటాడు. కింద నీరు ఎటు లాగుతోందో పాదాలతో చెప్పాలి. తప్పు చెబితే ఏమీ అనడు, మళ్లీ చెప్పమంటాడు. సీసపు గుండుకి మైనం రాసి నీళ్లలోకి దించి, మైనానికి అంటుకున్నది చూసి అడుగున ఇసకో బురదో చెప్పమంటాడు. లోతు బారల్లో చెప్పాలి. బారంటే చాచిన రెండు చేతులంత. లాంచీ ఖాళీగా ఉంటే అర బార నీళ్లు చాలు. బరువేస్తే బార కావాలి.

మొగలో దారులు రెండు, ఉత్తరపాయ, దక్షిణపాయ. మధ్యలో ఇసక తిన్నె. బాబాయ్ నలభై ఏళ్లు ఉత్తరపాయలోనే నడిపాడు. దక్షిణపాయ వరదలో నమ్మదగ్గది కాదంటాడు. ఉత్తరపాయలో ప్రతి మలుపూ ఇప్పటికీ చేత్తో గాలిలో గీసి చూపిస్తాడు. ఆ చెయ్యి ఎక్కడా తడబడదు.

జూలై 18

ఎర్రనీరు వచ్చింది. పైన ఎక్కడో వానలు. మొగంతా ఇటిక పొడి కలిపినట్టుంది. ఆరు బెండ్లు.

పొద్దున లాంచీ తిన్నె ఎక్కేసింది. నలభై మంది ఉన్నారు. పెట్టెకి లోతుందని చెప్పింది ఆరో బెండే. పోటు వచ్చి తెప్పలు చేరేదాకా నాలుగు గంటలు వాలిపోయి ఉన్నారు. ఒక ముసలామె కాలు విరిగింది. మావ వాళ్లను తెప్పల్లో దించి తీసుకొచ్చాడు. ఇంటికొచ్చి తడి బట్టలతోనే కూర్చుండిపోయాడు.

నేను చెప్పిన బెండే కదా అన్నాను. అవునన్నాడు. వెంటనే ఇంకో మాట కూడా అన్నాడు. పెట్టె పొరపాటు చేస్తే కాలు విరిగింది, మనిషి పొరపాటు చేసిన రోజున మా నాన్నతో పాటు పదహారు మంది పోయారని. 

కొత్త బెండ్లు నెలాఖరుకి వస్తాయని ఆఫీసు బల్ల మీద నోటీసు పెట్టారు.

జూలై 29

నాలుగు.

ఐదు కంటే తగ్గితే పెట్టె మోటారునే కదలనివ్వదు. లాంచీలన్నీ రేవులో కట్టేశారు. కొత్త బెండ్లు రాలేదు. వరద తగ్గితే గానీ దించలేమంటున్నారు. మనిషి లేకుండా ఎగిరే గాలిబండి మందులు మాత్రం తెస్తోంది. అది బియ్యం మొయ్యలేదు. ఆరొందల పన్నెండు ఇళ్లకి గోదాములో పదమూడు రోజుల బియ్యం ఉందని మైకులో చెప్పారు. జనం గోదాము ముందు గుమిగూడారు. ఎవరూ అరవలేదు. అలా నిలబడి చూశారంతే.

ఆగస్టు 4

మూడు.

ఫల్గుణరావుగారు కబురు పెట్టారు. పరీక్ష రద్దు. ఇలాంటి నీళ్లలో పెట్టె లేకుండా పడవ వదలడానికి తనకి చెయ్యి రాదన్నారు. చెడ్డవాడు కాదాయన. మూడు రోజులుగా నిద్ర లేదని మొహం చూస్తేనే తెలుస్తోంది.

పెట్టె ఉంటే పడవ కదలదు కదండీ అన్నాను. ఔనన్నారు. పెట్టె లేకుండా పడవ కదలడానికి చట్టంలో దారేదైనా ఉందా అని అడిగాను. ఆయన నిబంధనల పుస్తకం వైపు చూశారు.

"ఒక్కటే ఉందండి. నా పరీక్ష. దాన్ని మీరే రద్దు చేస్తున్నారు."

ఆయన కుర్చీ వెనక్కి జరిపి కిటికీ దగ్గరికి వెళ్లారు. పడవ పోతే తనని ఎవరూ క్షమించరన్నారు. బియ్యం అయిపోయినా క్షమించరన్నాను. చివరికి రెండు షరతులు పెట్టారు. తానూ లాంచీలో వస్తారు. మోకుల పనికి ఒక మనిషి తప్పనిసరిగా ఉండాలి.

రేవులో ఏ మోకుల మనిషీ ముందుకి రాలేదు. నేను మావని అడగలేదు.

ఆగస్టు 7

మూడు.

ఉత్తరపాయలో నాలుగు, ఐదు, ఆరు బెండ్లు గీకడానికి వెళ్లాను. మూడూ చచ్చినవే, అయినా పని పనే. గొలుసులు పట్టి చూస్తే వదులుగా ఉన్నాయి. వరద రోజుల్లో నీటి లాగుడికి గొలుసు చేతిని కోసేంత బిగుసుకోవాలి. అదే దక్షిణపాయలో తొమ్మిదో బెండు గొలుసు వీణ తీగలా బిగిసి ఉంది.

బాబాయ్‌కి చెప్పాను. చచ్చిన బెండు అడుక్కి దిగుతుంది, గొలుసు వదులవుతుంది, అంతేనన్నాడు. అదీ నిజమే కావచ్చు. ఆయన నలభై ఏళ్ల అనుభవం ముందు నా గొలుసులెంత. సరేననుకున్నాను.

ఆగస్టు 8

లాంచీ చక్రానికి ఇరవై ఏళ్లుగా తాళం. ఫల్గుణరావుగారు తీయించారు. తుప్పు పట్టి కదలదేమోనని భయపడుతూ పట్టుకున్నాను. వెన్నలా తిరిగింది. ఎవరో ముందే నూనె పోసి, తుప్పు గీకి, గుడ్డతో తుడిచి పెట్టారు.

ఇంటికొచ్చాక మావ గోళ్లలో తుప్పు కనిపించింది. తానే మోకుల పనికి వస్తున్నానని ఆఫీసులో పేరు రాయించాడట. ఎందుకని అడిగితే, కట్టడం సరిగ్గా రానివాడు వస్తే ఇంకా ప్రమాదమన్నాడు.

ఆగస్టు 9

 వరసగానే రాస్తాను.

పొద్దున పోటు ఎక్కుతుండగా బయల్దేరాం. నలుగురం. నా పక్కన బాబాయ్, వెనక ఫల్గుణరావుగారు, ముందు మోకు దగ్గర మావ. పెట్టె మీద గుడ్డ కప్పేశారు. రేవు నిండా జనం. ఎవరూ చెయ్యి ఊపలేదు.

వెళ్లేటప్పుడు ఉత్తరపాయే పట్టాను, బాబాయ్ చెప్పినట్టే. ఖాళీ పడవ, ఎదురు వరద. మోటారు మూలిగింది. నాలుగో బెండు దగ్గర పడవ అడుగున బియ్యం చెరిగినట్టు సన్నగా చప్పుడైంది. ఇసక తగులుతోందా బాబాయ్ అని అడిగాను. వరదలో కొట్టుకొచ్చే మన్ను అలాగే రాసుకుంటుందన్నాడు. దాటాం. గట్టుకి చేరేసరికి నా రవిక మొత్తం తడిసిపోయి ఉంది. అది నీళ్ల తడి కాదు.

అక్కడ బియ్యం ఎక్కించడం ఆలస్యమైంది. పోటు మీదే తిరిగి రావాలనుకున్నాం. మూడొందల బస్తాలు ఎక్కేసరికి మధ్యాహ్నం మూడు దాటింది, పాటు మొదలైంది. నీళ్లు దిగుతున్నాయి. ఫల్గుణరావుగారు రేపు పొద్దున పోదామన్నారు. రాత్రికి వరద ఇంకా పెరుగుతుందని గట్టు మీద వాళ్లు చెప్పారు. బాబాయ్ కూడా ఇప్పుడే పోదామన్నాడు. బయల్దేరాం.

ఇప్పుడు పడవ బరువు మీదుంది. బార లోతు కావాలి. వెనక నుంచి వరద తోస్తోంది. ఆగుదామంటే ఆగే వీలు లేదు. ఇసకకి తగిలితే వరద పడవని అడ్డం తిప్పేస్తుంది. అడ్డం తిరిగిన పడవ బోర్లా పడటానికి ఎంతోసేపు పట్టదు. మావ వాళ్ల నాన్న పడవ అలాగే పోయింది.

తిన్నె ముందుకొచ్చింది. అక్కడ రెండు పాయలూ విడిపోతాయి.

బాబాయ్ పాదాలు ఆనించి తల వంచి విన్నాడు. "ఉత్తరపాయ పట్టు," అన్నాడు.

నేను చూస్తున్నాను. ఉత్తరపాయలో అలలు పొట్టిగా, దగ్గరదగ్గరగా విరుగుతున్నాయి. నీళ్ల రంగు అక్కడ పాలిపోయి ఉంది. దక్షిణపాయలో ఎర్రనీరు ఒక పట్టీలా సాగిపోతోంది, నున్నగా, ఒక్క నురగ చుక్క లేకుండా. మొన్నటి వదులు గొలుసులు గుర్తొచ్చాయి. పొద్దున విన్న చప్పుడు కూడా. నది ఉత్తరపాయని వదిలేసింది. దక్షిణానికి పోతోంది.

బాబాయ్, ఉత్తరాన ఇసక పడింది అన్నాను.

"నాకు తెలీని ఇసక లేదిక్కడ. ఉత్తరపాయ పట్టు, రత్నం."

ఆయన చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. ముసలి చెయ్యే కానీ బలం ఉంది. చక్రం ఉత్తరానికి తిరిగింది. పడవ ముక్కు అటు మొగ్గింది. వెనక నుంచి ఫల్గుణరావుగారు ఆయన చెప్పినట్టు చెయ్యండి రత్నంగారూ అన్నారు. ముందు మావ మోకు పట్టుకుని వెనక్కి తిరిగి చూశాడు.  నా మొహంలోకే చూస్తున్నాడు.

ఆ క్షణంలో ఏమనుకున్నానో నిజం రాస్తాను. ఆయన మాట విని పోతే తప్పు ఆయనది. వినకుండా పోతే నాది, నలుగురి ప్రాణాలు, ఊరి బియ్యం, అన్నీ. నాకు చాలా భయమేసింది. ఆయన వేళ్లు ఒక్కొక్కటే నా చేతి మీద నుంచి విడదీశాను. చక్రం పూర్తిగా దక్షిణానికి తిప్పాను.

పడవ వాలింది. బస్తాలు ఒరిగాయి. అడుగున ఒకసారి గట్టిగా తగిలింది, తిన్నె అంచు. పళ్లు నూరినట్టు చప్పుడు. పడవ ఆగిపోతుందనిపించింది. ఆగలేదు. వెనక వరద ఒక్క తోపు తోసింది. అంతే, కింద లోతు వచ్చింది. ఆ తేడా పాదాలకి తెలిసింది. ముందు నుంచి మావ సీసపు గుండు దించి, బారన్నర అని చెప్పాడు. ఇంకోసారి దించి, రెండు బారలన్నాడు. 

రేవు చేరాం. జనం బస్తాలు దించుకుంటుంటే బాబాయ్‌ని చెయ్యి పట్టి దింపబోయాను. చెయ్యి విడిపించుకున్నాడు. కర్ర ఆనించుకుంటూ ఒక్కడే ఇంటికి వెళ్లాడు.

సాక్షి ఒప్పుకోకపోతే చీటీ లేదు.

ఆగస్టు 10

పొద్దున పాటు వేళ బాబాయ్ మా ఇంటి ముందుకి వచ్చి నిలబడ్డాడు. తనని ఉత్తరపాయకి తీసుకుపొమ్మన్నాడు. మావ తెప్ప వేశాడు. ముగ్గురం వెళ్లాం. నాలుగో బెండు దగ్గర ఆపమని, గెడ తీసుకుని నీళ్లలోకి దించాడు. మోకాలి లోతుకే ఇసక తగిలింది. ఇంకోచోట దించాడు. అంతే. ఇంకోచోట. అలా పాయ పొడుగునా దించుకుంటూ పోయాడు. ఎంత చాలన్నా ఆపలేదు. ఆఖరికి తెప్ప మీద కూర్చుని గెడని ఒళ్లో పెట్టుకున్నాడు.

నేను క్షమించమన్నాను. దేనికన్నాడు. 

అక్కడి నుంచి తిన్నగా ఆఫీసుకే నడిపించమన్నాడు. ఫల్గుణరావుగారు సాక్షి కాగితం తీశారు. బాబాయ్ చెప్పడం మొదలుపెడితే కొంతదూరం రాసి కలం ఆపేశారు. సాక్షి దారి తప్పు చెప్పినట్టు కాగితంలో ఉంటే సాక్షి చీటీ రద్దవుతుందని నియమం. ఆ ముక్క వదిలేద్దాం, ఆమె మొగ దాటింది, అది రాస్తే సరిపోతుంది పెద్దాయనా అని నచ్చజెప్పారు. నేనూ అదే అన్నాను.

బాబాయ్ ఒప్పుకోలేదు. సాక్షి అంటే జరిగింది చెప్పేవాడన్నాడు. జేబులోంచి తన చీటీ తీసి బల్ల మీద పెట్టాడు. అరిగి మెత్తబడిన రేకు ముక్క.

కాగితంలో ఉన్నది ఇదీ. "మొగలో నేను ఉత్తరపాయ పట్టమన్నాను. చెయ్యి పట్టి తిప్పాను కూడా. ఉత్తరపాయలో ఇసక ఉంది. పోయి ఉంటే పడవ దక్కేది కాదు. మల్లాడి నూకరత్నం నీళ్లు చూసింది, నా మాట వినలేదు. ఆమె సరంగు."

కింద వేలిముద్ర వేసి, సిరా తుడుచుకోవడానికి గుడ్డ అడిగాడు.

ఆగస్టు 13

రెండు బెండ్లు. ఎవరూ వాటిని అడగడం లేదు.

ఇవాళ మొదటిసారి పక్కన సాక్షి లేకుండా వెళ్లొచ్చాను. ముందు మోకు దగ్గర మావ. అటు ఇరవై మంది, ఇటు ముప్పై ఒక్క మంది, వాళ్లలో విరిగిన కాలికి కట్టు వేయించుకున్న ఆ ముసలామె కూడా ఉంది. తిన్నె దగ్గర ఒళ్లు చల్లబడింది. రేపూ చల్లబడుతుంది. అది పోదనుకుంటాను.

పడవ కట్టేసి బాబాయ్ ఇంటికి వెళ్లాను. మూడు రోజులుగా ఎవరితోనూ మాట్లాడటం లేదని కోడలు చెప్పింది. గోడకి ఆనుకుని కూర్చున్నాడు. నేను కూర్చున్న చప్పుడు విని, ఎటు నుంచి వచ్చావని అడిగాడు. దక్షిణపాయ నుంచే, అది కూడా ఆ రోజుకీ ఇవాళ్టికీ కాస్త జరిగిందని చెప్పాను. ఎంత లోతన్నాడు. బారన్నరకి తగ్గలేదన్నాను.

అరచెయ్యి చాపాడు.

"గీసి చూపించు," అన్నాడు.

వేలితో ఆయన అరచేతి మీద గీశాను. తిన్నె దగ్గర మొదలుపెట్టి, కింద మలుపు దాకా. మలుపు దగ్గర నా వేలిని ఆపి, అక్కడ మళ్లీ గీయమన్నాడు. గీశాను. ఇంకోసారన్నాడు. మెల్లగా, ఇంకోసారి గీశాను.